గట్టెక్కే చేప

కష్టంలో పడి ఊపిరాడక తల్లడిల్లుతున్న మనిషిని చూచి తెలుగువాడు "ఒడ్డున పడ్డ చేపలా ఉన్నాడు" అంటాడు. అదే మనిషి ఆ కష్టం నుండి బయటపడితే "గట్టెక్కాడు" అంటాడు. గట్టు ఒక్కటే. అది మనిషికి ప్రాణరక్షణ, చేపకు ప్రాణాంతకం. మన భాష ఈ తీర్పును ఏనాడో చెప్పివేసింది. అయితే ఆ తీర్పును లక్ష్యపెట్టని చేపలు కొన్ని మన ఏలూరుకు దక్షిణాన, కొల్లేటి బురదలో, తరతరాలుగా బ్రతుకుతున్నవి. ఒడ్డున పడినంత మాత్రాన అవి చావవు. అవసరమైతే తామే గట్టెక్కుతవి.

గొరక, కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి - ఇవి ఆ చేపల పేర్లు. మన ఇళ్ళలో ఎరుగనివారు లేరు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో కొరమీనును 'మరల్' అంటారు. తొలకరి జల్లు పడిన రాత్రి గొరకలు ఒక గుంటను విడిచి, తడిసిన గడ్డిమీదుగా మరొక గుంటకు పోవడం పల్లెలవారికి కొత్త సంగతి కాదు. కాని చదువుకున్నవారము వీటిని రెండు విధాలుగానే చూస్తున్నాము. వీటిని వింతలుగా చెప్పుకొని ఆశ్చర్యపడి మరచిపోవడం ఒక విధము. చేపల చెరువులకు పట్టిన కలుపుగా ఎంచి మందు పెట్టి చంపడం రెండవది. ఈ రెండు చూపులూ తప్పేనని, ఈ చేపలను ఈ నేలకు చెందిన ప్రాణులుగా తెలుసుకొని, వాటికి కావలసినంత బురదను మిగల్చడం మన బాధ్యత అని ఈ వ్యాసంలో మేము చెప్పదలచినాము.

తెలుగు బోధించేవారికి చేపలతో పనేమి అని విద్యార్థులు అడుగవచ్చును. పని ఉన్నది. మన నిఘంటువులను తెరచి చూస్తే చాలా చేపల పేర్లకు ఎదురుగా 'మత్స్యవిశేషము' అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. అనగా, అదొక చేప అని మాత్రమే. ఏ చేప? ఎక్కడ ఉంటుంది? ఎట్లా బ్రతుకుతుంది? నిఘంటుకారుడు పలుకడు. ఆ అర్థమంతా కొల్లేటి లంకలలో దోనె నడిపే మనిషి నోట, బజారులో గంప ముందు కూర్చున్న స్త్రీ నోట ఉన్నది. చేప పోయిన నాడు పేరుకు అర్థం పోతుంది. అర్థం పోయిన పేరును ఏ అచ్చు పుస్తకమూ బ్రతికించలేదు.

ముందుగా ఈ చేపల ఊపిరి సంగతి చూద్దాము. లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. మన వేసవి నీటిలో, 30 డిగ్రీల వేడిమి వద్ద, లీటరుకు అయిదారు మిల్లీలీటర్లకు మించి కరగదు. ఆ నీటిలో ఆకులు కుళ్ళి, పైన గుర్రపుడెక్క కమ్ముకుంటే అదికూడా మిగలదు. అట్టి నీటిలో మొప్పలను మాత్రమే నమ్ముకున్న చేపకు బ్రతుకు లేదు. కొల్లేటివంటి లోతు తక్కువ సరస్సులో, డెల్టా కాలువలలో, రైలు కట్ట ప్రక్కన మట్టి తీసిన గుంటలలో ప్రతి వేసవిలోనూ ఇదే పరిస్థితి. ఇట్టి నీటిలో బ్రతుకవలసి వచ్చిన చేపలు గాలిని పీల్చే ఉపాయాన్ని సంపాదించుకున్నవి.

ఆ ఉపాయం అన్నింటికీ ఒక్కటి కాదు. గొరకకు మొప్పల పైభాగాన ఒక చిన్న గది ఉన్నది. అందులో మొదటి మొప్పకమాను నుండి పెరిగిన పలుచని ఎముక రేకులు పువ్వు రెక్కలవలె ముడుతలు పడి ఉంటవి. వాటిపై రక్తనాళాలతో నిండిన పొర ఒకటి కప్పి ఉంటుంది. నోటితో పట్టిన గాలి అక్కడికి చేరి రక్తంలో కలుస్తుంది. కొరమీనుకు అటువంటి గది ఉన్నదిగాని అది ఇంకను సాదాగా ఉంటుంది. మార్పు చేపకు మొప్పల పైన చెట్టు కొమ్మలవలె చీలిన ఎర్రని అవయవం ఉంటుంది. ఇంగిలాయికి మొప్పల గది నుండి రెండు గొట్టాలు వెన్నెముకకు ఇరుప్రక్కల తోక వైపు సాగిపోతవి. ఇవేవీ మన ఊపిరితిత్తులు కావు. ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఊపిరితిత్తుల చేపలు వేరుగా ఉన్నవి. కోట్ల సంవత్సరాల క్రితం నేలకెక్కిన జీవుల వంశంలో గొరకను చేర్చడం కూడా పొరపాటు. ఒకే కష్టాన్ని ఎదుర్కొన్న వేర్వేరు జాతులు ఎవరికి తోచిన దారిని అవి వెదకుకున్నవి. అంతే.

నడక కూడా అట్లే. గొరక తన మొప్పమూతల అంచున ఉన్న ముళ్ళను నేలకు గుచ్చి, తోకతో నెట్టుకుంటూ సాగుతుంది. మార్పు ముందు రెక్కలలోని గట్టి ముళ్ళను ఊతగా చేసుకొని పాకుతుంది. కొరమీను ఒడలు మెలికలు తిప్పుతూ జారిపోతుంది. ఒంటి తడి ఆరనంత సేపే ఈ ప్రయాణం సాగుతుంది. అందుకే వానరాత్రి, మంచు పడిన గడ్డి వీటికి రాజమార్గాలు.

ఇక్కడ విద్యార్థులు ముఖ్యంగా గ్రహింపవలసిన విషయం ఒకటి ఉన్నది. గాలి పీల్చడం ఈ చేపలకు అదనపు అలంకారం కాదు. గొరకనుగాని కొరమీనునుగాని నీటిపైకి రానీయకుండ ఆపితే, ఎంత మంచి నీటిలోనైనా అది ఊపిరాడక చస్తుంది. చేప నీట మునిగి చావడమంటే నమ్మశక్యంగా ఉండదు; కాని నిజము. ఇది పూర్వమే తేలిన సంగతి గనుక మళ్ళీ ప్రయోగం చేసి ఒక ప్రాణిని హింసించ నవసరం లేదు. నీరు ఎంత అవసరమో గాలీ వీటికి అంతే అవసరం. మొప్పలు కూడా ఊరక ఉండవు. ఒంటిలోని బొగ్గుపులుసు వాయువు చాలవరకు వాటి ద్వారానే నీటిలోకి పోతుంది. ఒక శ్వాస ఉన్నదని రెండవదానిని వదులుకునే వీలు వీటికి లేదు.

ఇక వింత సంగతి. హిజ్రీ 237లో, అనగా క్రీ.శ. 851లో, అరబ్బీ భాషలో వెలువడిన 'అఖ్బార్ అల్-సీన్ వల్-హింద్' అనే యాత్రావృత్తాంతం ఒకటి ఉన్నది. సులైమాన్ అనే వర్తకుని పేరిట అది ప్రసిద్ధి. నీటి నుండి వచ్చి కొబ్బరిచెట్టెక్కి, కల్లు త్రాగి తిరిగి పోయే ఒక చేపను గూర్చిన కథ అందులో కనిపిస్తుంది. ఆ చేప మన గొరకయే కావచ్చునని తరువాతివారు ఊహించారు. తొమ్మిది వందల సంవత్సరాలకు పైగా గడచిన పిమ్మట, 1791లో, తరంగంబాడిలో డేనిష్‌వారి కొలువులో ఉన్న డాల్డార్ఫ్ అనే అధికారి, చెరువు ప్రక్కన తాటిచెట్టు బెరడు పగులులో, నీటికి అయిదడుగుల ఎత్తున, ఒక గొరకను పట్టుకున్నట్లు వ్రాశాడు. అది ముళ్ళను గుచ్చుకుంటూ ఇంకా పైకి ప్రాకబోయిందని కూడా చెప్పాడు. 1797లో లండనులోని లిన్నేయన్ సొసైటీ దానిని ప్రచురించింది. నాటి నుండి ప్రపంచమంతటా ఈ చేపకు 'చెట్టెక్కే చేప' అన్న పేరు స్థిరపడిపోయింది.

ఈ కథను పరీక్షకు పెట్టిన వారిలో డాక్టర్ బి.కె. దాస్ ముఖ్యులు. 1918లో స్థాపితమై, ఉర్దూలో ఉన్నత విద్య నేర్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వారు పిమ్మట జంతుశాస్త్రాచార్యులుగా పనిచేశారు. మన దేశంలోని గాలిపీల్చే చేపల జీవనాన్ని గూర్చి వారు వ్రాసిన వ్యాసాన్ని 1927లో లండనులోని రాయల్ సొసైటీ ప్రకటించింది. కాకులు, గ్రద్దలు ఈ చేపలను తన్నుకుపోయి చెట్ల మీద, కొమ్మల సందులలో వదలుతవని, గాలి పీల్చగలవు గనుక అవి అక్కడ చాలాసేపు ప్రాణంతో ఉంటవని, చూచినవారు అవే ఎక్కినవని అనుకున్నారని వారు వివరించారు. చెట్టెక్కే కథను పిమ్మటి శాస్త్రజ్ఞులు చాలామంది అంగీకరించలేదు.

ఈ వృత్తాంతాన్ని మేము విపులంగా చెప్పడానికి కారణం ఉన్నది. కథ పోయినంత మాత్రాన చేప గొప్పతనం తగ్గలేదు. కల్లు త్రాగడానికి చెట్టెక్కే చేప ఒక వినోదం. ఎండిపోతున్న గుంటను విడిచి, చీకటిలో తడిగడ్డి మీద పాకి, మరొక నీటిని చేరుకునే చేప బ్రతుకు తెలిసిన ప్రాణి. వింతను నమ్మడం సులభం. బురద ఒడ్డున కూర్చొని చూడడం కష్టం. మన విద్యార్థులలో మొదటిదానికి అలవాటు పడినవారే ఎక్కువ.

ఈ చేపల విద్య అంతా కొల్లేటి స్వభావానికి సరిపోయిన విద్య. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంవలె ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీటిని తెస్తవి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేర్చుతుంది. వానకాలంలో కొల్లేరు పొంగి పొలాలను ముంచేది. వేసవిలో కుంచించుకుపోయి బురదమేటలను మిగిల్చేది. వెనుకటి కాలంలో నీరున్నప్పుడు చేపలు, నీరు తీసినప్పుడు వరి - ఇదే లంకల బ్రతుకు. ఆ రాకపోకల నీటిలో గొరక, కొరమీను, మార్పు ఎదురెక్కి పొలాలలోకి పోయేవి, పిల్లలను పెట్టేవి, నీరు తీయగానే గుంటలలో, బురదలో దాగి తొలకరి కోసం కాచుకునేవి. ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వరకు కాలువలు కట్టివేసిన వేసవిలో, అడుగు బురదలో కొరమీనును చేతితో తడిమి పట్టిన అనుభవం మన విద్యార్థుల తండ్రులలో చాలామందికి ఉండకపోదు.

1970ల చివర కొల్లేటిలో సహకార సంఘాలకు చేపల చెరువులు త్రవ్వి ఇచ్చారు. పిమ్మట ధనవంతుల చెరువులు వచ్చినవి. బొచ్చె, రాగండి పెంపకం పెద్ద వ్యాపారమైనది. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చెరువు గట్లను తెగగొట్టారు. ఆ తరువాతి సంవత్సరాలలో గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచినవి.

చెరువులో బొచ్చె పిల్లలను వదలడానికి ముందు దానిని శుభ్రపరచడం ఈ పెంపకంలోని మొదటి పాఠం. శుభ్రపరచడమంటే కొరమీను, మార్పు, గొరక మొదలైనవాటిని చంపడం. వల వేస్తే ఇవి బురదలో దాగి తప్పించుకుంటవి గనుక ఇప్పపిండి చల్లుతారు. ఒక మీటరు లోతు గల హెక్టారు చెరువుకు సుమారు 2,500 కిలోలు చల్లాలని పెంపకపు పుస్తకాలు చెప్పినవి. ఎండను, బురదను, నీటి ఎద్దడిని గెలిచిన చేప ఈ మందు ముందు ఓడిపోతుంది. పుస్తకాలలో దానికి పెట్టిన పేరు కలుపు చేప, లేదా దొంగ చేప. తన ఇంటిలో ఉన్నదానిని దొంగ అనడం ఎట్టి న్యాయమో పాఠకులే ఆలోచింపవలెను.

"బొచ్చె, రాగండి లేనిదే వేల కుటుంబాలకు కూడు లేదు, కొరమీను వాటి పిల్లలను తింటుంది, రైతు ఏమి చేయాలి?" అని ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమే. చట్టసమ్మతమైన చెరువులో రైతు తన పంటను కాపాడుకోవడాన్ని మేము తప్పుపట్టము. మా అభ్యంతరం చెరువు గట్టు దాటిన విషంపై, గట్టు దాటిన లోభంపై. మురుగుకాలువలలో, ప్రక్క బోదెలలో, సరస్సు గర్భంలో సైతం ఈ చేపలకు చోటు లేకుండా చేయడం వ్యవసాయం కాదు. పైగా, మబ్బు పట్టిన తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ తరిగి, పెంచుకున్న బొచ్చెలు నోళ్ళు తెరచి పైకి తేలితే, రైతు ఏరేటర్ల కోసం పరుగెత్తుతాడు. ఆ పూట ఏ యంత్రమూ అక్కరలేని చేపనే అతడు కలుపని చంపివేసినాడు.

బజారులో ఈ చేపకున్న గౌరవం వేరు. తనంతట తాను చచ్చి నీట తేలిన చేపను తినరాదన్న నియమం హనఫీ ఫిఖ్‌హ్‌లో ఉన్నది. బిందెలో కదులుతున్న కొరమీను విషయంలో ఆ సందేహానికే తావు లేదు. హైదరాబాదులో మృగశిర కార్తెనాడు పంచే చేప ప్రసాదానికి బ్రతికిన కొరమీను పిల్లలనే వాడుతారు. చిన్న సంచిలోని కొద్దిపాటి నీటిలో ఆ పిల్లలు అంతసేపు బ్రతికి ఉండడానికి కారణం ఏమిటో ఆ వరుసలో నిలబడిన ఎందరికి తెలుసును? బొచ్చె కన్న కొరమీను ధర ఎక్కువన్నది మాత్రం అందరికీ తెలుసు.

నేలమీద పాకే శక్తి దానంతట అది మంచిదని మేము అనడం లేదు. ఆఫ్రికా నుండి దొంగచాటుగా వచ్చిన పెద్ద జాతి మార్పు చేప, జనం క్యాట్‌ఫిష్ అని పిలిచేది, ఆ శక్తి కలదే. కేంద్ర ప్రభుత్వం 2000లో దాని పెంపకాన్ని నిషేధించింది. అయినా కోళ్ళ వ్యర్థాలు మేపి దానిని రహస్యంగా పెంచుతున్న చెరువులు మన ప్రాంతంలో పట్టుబడుతూనే ఉన్నవి. వరద వస్తే అది గట్టు దాటి కాలువలలో చేరి చిన్న చేపలన్నింటినీ మ్రింగుతుంది. కనుక సొంత మార్పును విషంతో చంపి, పరాయి మార్పును చాటుగా పెంచుకుంటున్నాము. ఇంతకన్న విపరీతం ఏమున్నది?

గొరకకు రెండు నీళ్ళు కావాలి. విడిచి వచ్చే నీరు ఒకటి, చేరుకునే నీరు మరొకటి. నడుమ తడి నేల కావాలి. నిటారుగా లేచిన చెరువు గట్టు, సిమెంటు పూసిన కాలువ అంచు, విషం కలిసిన బోదె - ఈ మూడింటి మధ్య నడక నేర్చిన చేప కూడా ఎక్కడికి నడుస్తుంది? కొల్లేటికి నీరు విడిపించాలని అందరూ కోరుతున్నారు. ఆ కోరిక సబబైనదే. కొల్లేటికి బురద కూడా మిగల్చాలని మేము కోరుతున్నాము. అంచున ఉన్న ఆ బురద, పటములో నీరుగానూ నేలగానూ గుర్తింపబడని ఆ మధ్యస్థలం, అందరికంటె ముందుగా ఆక్రమణకు గురి అవుతుంది. ఈ చేపల బ్రతుకంతా అక్కడనే ఉన్నది.

రెండు భాషలతో నడిచే మన కళాశాలలో ఈ మాట చెప్పడం తగునని అనుకుంటున్నాము. ఇంటి ఉర్దూ దేనికని ఒకరు, వీధి తెలుగు చాలదా అని మరొకరు అడుగుతున్న రోజులివి. కొరమీనును అడిగితే అది గాలి కోసం పైకి వస్తుంది, మళ్ళీ నీటిలోకి పోతుంది. ఏది ఎక్కువని తూచదు. ఉపమానాన్ని ఇంతకు మించి సాగదీయము. చేపల పేర్లు ఈ రెండు భాషలలోనూ మనవద్ద ఉన్నవని, వాటిని వ్రాసిపెట్టవలసిన బాధ్యత మనదేనని మాత్రం చెబుతాము.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు మూడు. ప్రయోగశాలలో ఫార్మలిన్ సీసాలలో తెల్లబడిన చేపలకు తోడుగా, ఆవరణలో ఒక సిమెంటు తొట్టి కట్టించండి. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క ఏటవాలు బురద, పైన వల ఉంటే చాలును, ఖర్చు స్వల్పము. చేపలను అభయారణ్యంలో పట్టనవసరం లేదు, బజారులో ప్రాణంతోనే దొరుకుతవి. ఇంగిలాయి ముల్లు విషపుది గనుక దానిని తాకకుండ జాగ్రత్త పడవలెను. రెండవది, కొల్లేటి పల్లెల నుండి, భీమడోలు, పూళ్ళ, ఉంగుటూరు, తాడేపల్లిగూడెం వైపు నుండి రైలులో వచ్చే విద్యార్థులచేత చేపల పేర్లను తెలుగులో, ఉర్దూలో సేకరింపజేయండి. ప్రతి పేరుకు ఎదురుగా 'మత్స్యవిశేషము' అని కాక, ఆ చేప ఎక్కడ ఉంటుందో, ఎప్పుడు ఎదురెక్కుతుందో వ్రాయించండి. మూడవది, ఆ పట్టికకు వచ్చే సంవత్సరం ఈ సంచికలో రెండు పుటలు కేటాయించండి.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మీలో చెరువులున్న ఇళ్ళవారు ఉన్నారు. ఈ వేసవిలో మీ చెరువు ఎండగట్టి ఇప్పపిండి చల్లే రోజున మీ పెద్దలతో మాట్లాడండి. గట్టు వెలుపలి బోదె ఒక్కదానినైనా ఆ మందు సోకకుండ విడిచిపెట్టమని అడగండి. తొలకరి పడిన మొదటి రాత్రి లాంతరో టార్చిలైటో పట్టుకొని ఆ బోదె ఒడ్డుకు వెళ్ళండి. గొరక గట్టెక్కితే అది ఎంత దూరం నడిచిందో కొలిచి, తేదీ వేసి వ్రాసుకోండి. ఏమీ కనబడకపోతే అదికూడా తేదీ వేసి వ్రాసుకోండి.